నలభై మూడో ఫారం మీది వేలిముద్ర

దయ్యాలంటే నాకు భయం లేదు. అసహ్యం. భయపడేవాళ్ళు ఇందులో ఏదో వణికించే కథ ఉంటుందని ఆశపడితే ఇక్కడే ఆపేయవచ్చు, నాకు పోయేదేమీ లేదు.

మా బాపు బొగ్గుబావిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. సాయంత్రాలు కంపెనీ క్వార్టర్ల ముందు మంచాలు వేసుకుని, ఎప్పుడో ప్రమాదంలో పోయినవాళ్ళు ఇప్పటికీ షిఫ్టుకు దిగుతారని, లోపల లైటు ఊపుతారని అందరూ చెప్పుకునేవాళ్ళు. బాపు ఒక్కడే, చచ్చినోనికి కూడా డ్యూటీ వేస్తడా మేనేజరు అని నవ్వేవాడు. నాకు ఆయన నోరే వచ్చిందని మా అవ్వ ఇప్పటికీ తిడుతుంది.

తర్వాత నర్సునయ్యాను. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి క్యాజువాలిటీలో పదకొండేళ్ళు చేశాను. దయ్యం పట్టిందని ఆటోల్లో వేసుకొచ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో లెక్కలేదు. సగం మందికి చక్కెర పడిపోయి ఉంటుంది. గ్లూకోజు ఎక్కించగానే దయ్యం దిగిపోయి ఇడ్లీ అడుగుతుంది. మిగతా సగంలో పెళ్ళి ఇష్టం లేని పిల్లలు, పరీక్ష తప్పిన పిల్లలు, అత్తతో పడని కోడళ్ళు. మా వార్డులో తొమ్మిదో మంచం దానంతటదే కిర్రుమంటుందని సిస్టర్లు దాని దగ్గరికి పోయేవాళ్ళు కాదు. నేను కాస్త నూనె తెప్పించి మంచం కాళ్ళకు వేయించాను. దయ్యం పోయింది.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, రాయకుండా ఉండటానికి మూడేళ్ళు ప్రయత్నించి ఓడిపోయానని అర్థం.

ముప్పై మూడేళ్ళ వయసులో ఎమ్మెస్సీ నర్సింగులో చేరాను. కరీంనగర్ ఊరి అవతల ఒక ప్రైవేటు కాలేజీ. పేరు చెప్పను. చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ప్రజారోగ్య నర్సింగు, పోషకాహారం, వాటితో పాటు ఆరోగ్య సేవల్లో నాయకత్వం అని ఒక పేపరు. నాయకత్వం చెప్పడానికి శనివారం శనివారం ఒక సారు సూటు వేసుకుని వచ్చేవాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం పెరగాలని మమ్మల్ని కళ్ళు మూసుకుని వెనక్కి పడమనేవాడు, వెనకున్నవాళ్ళు పట్టుకోవాలి. ఆయన జన్మలో ఒక బెడ్‌పాన్ ఎత్తి ఉండడు. పిల్లల తల్లులం, వెన్ను నొప్పులున్నవాళ్ళం, వరసగా నిలబడి దబ్బున పడుతూ ఉండేవాళ్ళం. అది నాయకత్వమట.

ఇక థీసిస్. ఐదేళ్ళలోపు గిరిజన పిల్లల పోషణ స్థితి నా అంశం. నేను ఎంచుకున్నది కాదు, మా గైడ్ మేడం ఎంచింది. ఏజెన్సీ అంటే థీసిస్‌కు బరువు వస్తుందని ఆమె నమ్మకం. ఆమె స్వయంగా ఉట్నూరు దాకా ఎన్నడూ పోలేదు. ఎండ పడదట.

అరవై మంది పిల్లల ఇళ్ళకు పోవాలి. ఒక్కొక్కరికి ఒక ఫారం. బిడ్డ పేరు, తల్లి పేరు, వయసు, ఒంటి మీద గుర్తు, నిన్న ఏం తిన్నది, ఎడమ జబ్బ చుట్టుకొలత. కొలవడానికి రంగుల టేపు ఉంటుంది. ఆకుపచ్చలో ఆగితే ఫరవాలేదు, పసుపు అయితే జాగ్రత్త, పదకొండున్నర సెంటీమీటర్ల లోపు ఎరుపు. ఎరుపులో ఉన్న బిడ్డను వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి, లేకపోతే చిన్న జ్వరం కూడా ఆ బిడ్డను తీసుకుపోతుంది. ఫారం చివర మేం ఇచ్చిన సలహా, మళ్ళీ ఎప్పుడు వస్తామన్నది, అన్నింటికింద తల్లి ఒప్పుకున్నట్టు వేలిముద్ర.

నేను ఉట్నూరు ఒక్కసారి పోయాను. గిరిజనాభివృద్ధి ఆఫీసులో అనుమతి కాగితం తీసుకుని, గోడ మీద రాసి ఉన్న గూడేల పేర్లు ఫోనులో ఫోటో తీసుకుని, చాయి తాగి బస్సెక్కాను. పిల్లల జాబితా ఏదీ నేను చూడలేదు, అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే మిగతా పని మేం హాస్టల్లోనే చేసేవాళ్ళం. దీనికి మాలో ఒక పద్ధతి ఉండేది, సీనియర్ల నుంచి వచ్చింది. కాకిలెక్కలు రాయడం కూడా ఒక విద్యే. నాలుగు రంగుల పెన్నులు పెట్టుకోవాలి. మధ్య మధ్య కొట్టివేతలు ఉండాలి. రాసిన ఫారాలను చెప్పులతో తొక్కి, కొన్నింటి మీద చాయి చుక్కలు వేసి, ఒక రోజు ఎండలో పెట్టాలి, అప్పుడు ఊళ్ళు తిరిగినట్టు కనిపిస్తాయి. తల్లుల వేలిముద్రలకు మా వేళ్ళే. స్టాంపు ప్యాడు మీద ఒకసారి నా బొటనవేలు, ఒకసారి స్వప్నది. స్వప్న అంటే నా రూమ్మేటు, చొప్పదండి పిల్ల, పనిమంతురాలు. ఒకసారి కాలి బొటనవేలు కూడా వేసింది.

తప్పని అనిపించలేదా అంటే, లేదు. అందరూ చేసేదాన్ని చేయనివాళ్ళే అక్కడ పిచ్చివాళ్ళు. పదకొండేళ్ళు నిజంగా పనిచేసి వచ్చాను, ఈ కాగితాలు నాకొక లెక్కా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఆ పొగరుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

దీపావళికి ముందు ఆదివారం, మధ్యాహ్నం పూట. నేను హాస్టల్ గది గచ్చు మీద కూర్చుని రాస్తున్నాను. పచ్చ పూల నైటీ వేసుకున్నాను. చెప్పులు ఫారాల మీద ఉన్నాయి కాబట్టి కాళ్ళకు లేవు. నలభై దాకా ఇద్దరం కలిసి పూర్తిచేశాం. తర్వాత స్వప్న మెస్సుకు పోయింది. నలభై ఒకటి నుంచి అరవై దాకా రాతా నాదే, వేలిముద్రలూ నావే. కుడిచేతిలో పెన్ను ఉంది కాబట్టి అన్నీ ఎడమ బొటనవేలితోనే వేశాను. వేళ్ళన్నీ ఊదా సిరా అయ్యాయి.

నలభై రెండు ఫారాలూ పచ్చగా, పసుపుగా వచ్చాయి. ఏజెన్సీలో ఒక్క బిడ్డ కూడా ఎరుపులో లేదా అని మేడం అడుగుతుంది. కాబట్టి ఒక బిడ్డను ఎండగట్టాలి. అప్పుడు నా మనసులోకి వచ్చిన మాట అచ్చం ఇదే.

నలభై మూడో ఫారం. గోడ మీది పేర్లలో చివరి గూడెం రాశాను. బిడ్డ కుమ్ర దేవుబాయి, పద్నాలుగు నెలలు. తల్లి లేతుబాయి, మళ్ళీ ఐదో నెల. జబ్బ చుట్టుకొలత పది పాయింట్ ఏడు. గుర్తు, ఎడమ మోచేతి కింద చిక్కుడు గింజంత కాలిన మచ్చ. నిన్న తిన్నది, పొద్దున చాయి, మధ్యాహ్నం రెండు చెంచాల జొన్న గట్క, మళ్ళీ ఏమీ లేదు. ఆసుపత్రిలో చేర్చాలని సలహా ఇచ్చినట్టు రాశాను. మళ్ళీ ఎప్పుడు అన్న చోట, వచ్చే గురువారం నేనే జీపు తీసుకొచ్చి ఉట్నూరు తీసుకెళ్తాను అని రాశాను. అలా రాస్తే మేడం ముచ్చటపడుతుందని. వేలు అద్దాను, నలభై నాలుగో ఫారం తీసుకున్నాను.

స్వప్న తిరిగొచ్చి రెండుసార్లు పిలిచిందట, నేను పలకలేదట. ఈ సంగతి ఆమె చాలా రోజుల తర్వాత, అంతా విన్నాక చెప్పింది. జరిగిపోయాక ఇలాంటివి అందరికీ గుర్తొస్తాయి. దానికి నేను విలువ ఇవ్వను.

జనవరి చివర్లో థీసిస్ బైండింగుకు ఇవ్వబోతుంటే గైడ్ మేడం ఆపింది. వెనక అతికించడానికి రంగుల ఫోటోలు కావాలంది. తెల్లకోటు వేసుకుని బిడ్డ జబ్బకు టేపు చుడుతున్నట్టు మూడు చాలంది. మూడు ఫోటోల కోసం నేను కరీంనగర్ నుంచి పొద్దున్నే బస్సెక్కి, జన్నారం అడవి దాటి, ఉట్నూరులో దిగి, జీపు మాట్లాడుకున్నాను. ఏ గూడెమైతే ఏం, దూరందే పోదాం, ఫోటోలో అడవి బాగా పడుతుందనుకున్నాను. ఏ ఫోటో ఏ ఫారానికి అని రాసుకోవడానికి ఫైలు సంచిలో వేసుకున్నాను. ఆ రోజు గురువారం అన్న సంగతి కూడా నాకు పట్టలేదు.

రోడ్డు ఒక చోట ఆగిపోతుంది. అక్కడి నుంచి గూడేనికి కాలిబాట. జీపు ఆగేచోట మోదుగుచెట్టు కింద ఒక ఆమె కూర్చుని ఉంది. నెలలు నిండొస్తున్న కడుపు. ఒళ్ళో పాత చీర ముక్కలో చుట్టిన బిడ్డ. నేను దిగి తెల్లకోటు సర్దుకుంటుంటే ఆమె చెట్టు పట్టుకుని లేచి నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"గిన్ని బేస్తారాలు పట్టిందా నీకు?" అంది.

బేస్తారం అంటే గురువారమే. వేరే ఎవరినో అనుకుంటోందనుకున్నాను. అంగన్‌వాడీ టీచరు కూడా అప్పటికే బాట దగ్గరికి వచ్చింది, నేను వస్తున్నానని జీపు డ్రైవరు ఫోను చేశాడు. ఆ పోస్టు చాలాకాలం ఖాళీగా ఉందట, ఈమె చేరి నెలే అయ్యిందట. ఆమె నన్ను పక్కకు పిలిచి, ఈ కుమ్ర లేతుబాయి ప్రతి గురువారం ఇలాగే వచ్చి కూర్చుంటుందని చెప్పింది. ఎవరో సిస్టరు జీపు తీసుకొస్తానందట. తాను ఆసుపత్రికి తోలుకుపోతానంటే రాదట. ఇంట్లోవాళ్ళు కూడా సర్కారు సిస్టరు వస్తనన్నది గదా అని ఊరుకున్నారట. అక్టోబరు నుంచి ఎవరూ ఈ గూడేనికి వచ్చినట్టు రిజిస్టరులో లేదట. జర మతి చెడినట్టున్నది మేడం, అని మెల్లగా అంది.

లేతుబాయి అన్న పేరు విన్నాక కూడా నాకేమీ కాలేదు, నిజం చెబుతున్నాను. గోండు గూడెంలో లేతుబాయి అన్న పేరు వినపడటం ఒక వింతా? కుమ్ర ఇంటిపేరు వాళ్ళు ఎంతమంది లేరు? ఏ ఆదిలాబాద్ కాలేజీ పిల్లలో వచ్చి, నోటికొచ్చిన మాట ఇచ్చి పోయి ఉంటారు, మా కాకిలెక్కల జాతే కదా. ఆ మాటే ఆమెతో అన్నాను. వచ్చింది నేను కాదమ్మా, వేరే సిస్టరు, నేను రావడం ఇదే మొదలు అని.

ఆమె నన్ను కిందనుంచి పైకి చూసింది. కోపం కూడా లేదు ఆ చూపులో. అబద్ధమాడుతున్న పెద్దమనిషిని పిల్లలు చూసినట్టు చూసింది.

"నువ్వే. మావోళ్ళంత దండారి ఆడనీకి పోయిన దినం. పచ్చ పూల నైటీ తొడిగినవు, కాళ్ళకు చెప్పుల్లేవు. వేళ్ళకంత ఊదా సిరా ఉండె. గీ చెయ్యే కొలిచి ఎర్రగ వచ్చిందన్నవు. నడవకు, కడుపుతోని ఉన్నవు, బేస్తారం నేనే జీపు తెస్త అన్నవు."

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను, టీచరు ఉలిక్కిపడింది. దయ్యం అంటే తెల్లచీర కట్టుకోవాలి, జుట్టు విరబోసుకోవాలి. హాస్టల్ నైటీ వేసుకుని వచ్చే దయ్యం ఎక్కడుంటుంది? నవ్వు ఆగాక జీపు బానెట్ పట్టుకుని నిలబడ్డాను. ఆ నైటీ అప్పుడు హాస్టల్లో తీగ మీద ఆరుతూ ఉంది.

దండారి వాళ్ళ దీపావళి పండుగ. మగవాళ్ళు నెమలీకల టోపీలు పెట్టుకుని ఊరూరూ తిరిగి ఆడతారు, చూడటానికి ఆడవాళ్ళూ పోతారు. అంటే ఆ రోజు ఇంట్లో ఆమె, బిడ్డ తప్ప ఎవరూ లేరు. ఏ తేదీ అంటే ఆమె చెప్పలేకపోయింది. దండారికి పోయిన రోజును బట్టి ఆదివారమని మాత్రం టీచరు లెక్కగట్టింది.

బిడ్డ పేరు అడిగాను. దేవుబాయి అంది.

మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చని నా చేతులకు తెలుసు, పదకొండేళ్ళ చేతులవి. చీర ముక్క విప్పాను. ముసలివాళ్ళ ముఖం వచ్చేసింది బిడ్డకు. ఏడుపు లేదు. ఏడ్చే బిడ్డకు ఇంకా బలమున్నట్టు, ఏడవని బిడ్డను చూసే భయపడాలి. జబ్బకు టేపు చుట్టాను. పది పాయింట్ ఒకటి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంకో రెండు గురువారాలు ఆగితే ఆ చెట్టు కింద తల్లి ఒక్కతే కూర్చుని ఉండేది.

ఫోటోలు తీయలేదు. ఇద్దరినీ అదే జీపులో ఎక్కించాను, టీచరు కూడా వచ్చింది.

దారిలో సంచిలోంచి ఫైలు తీసి నలభై మూడో ఫారం చదివాను. బిడ్డ ఎడమ మోచేయి మెల్లగా తిప్పి చూశాను. మచ్చ ఉంది. చిక్కుడు గింజంతే ఉంది. మొన్న వానాకాలంలో గంజి ఒలికి కాలిందని తల్లి చెప్పింది. నేను వచ్చానంటున్న రోజుకు ముందురోజు బిడ్డకు ఏం పెట్టావని అడిగాను. అంత పాత సంగతి ఎవరికైనా గుర్తుంటుందా? నువ్వు గప్పుడు అడిగింది గదే గద అని ఆమె విసుక్కుని, పొద్దున చాయి, పగటీలి రెండు చెంచల గట్క అని అప్పజెప్పింది. నేను ఫారం మూసి సంచిలో పెట్టాను. తెరిచి ఇంకో గీత చదివే ధైర్యం లేకపోయింది.

ఉట్నూరులో పిల్లల పోషణ వార్డులో చేర్చుకున్నారు. అక్కడి సిస్టర్లు మాట్లాడకుండా పని మొదలుపెట్టారు, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. రెండేసి గంటలకు కొలిచి పాలు పట్టాలి, ఒంట్లో వేడి పోకుండా తల్లి రొమ్ముకు ఆనించి కప్పి ఉంచాలి. రెండు రోజులు చెప్పలేమన్నారు. నేను కరీంనగర్ తిరిగిపోలేదు. గైడ్ మేడం ఫోను చేస్తే ఎత్తలేదు.

ఆ మొదటి రోజే చేరిక కాగితాల మీద తల్లి వేలిముద్ర కావలసి వచ్చింది. ప్యాడు నేనే పట్టుకున్నాను. ఆమె వేలు అద్దింది. ఆ ముద్ర చూసి నేను ఫైలు సంచి తీసుకుని బయటికి వచ్చాను.

నా ఎడమ బొటనవేలికి నడిమధ్యన అడ్డంగా ఒక గాటు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంజక్షను సీసా మెడ విరుస్తుంటే తెగింది. నేను ఎక్కడ వేలిముద్ర వేసినా మధ్యలో అడ్డంగా తెల్లగీత పడుతుంది. బ్యాంకులో మెషిను కూడా ఒక్కోసారి నన్ను ఒప్పుకోదు. లేతుబాయి బొటనవేలికి గాటు వేరు. కొడవలి తగిలి పైన కుడిమూల కొంచెం చర్మం లేచిపోయింది, ముద్రలో అక్కడ ఏటవాలుగా ఖాళీ వస్తుంది.

వార్డు బయట బెంచీ మీద కూర్చుని నలభై ఒకటి నుంచి అరవై దాకా ఫారాలు వరసగా పేర్చాను. మధ్యాహ్నం ఎండ, అంతా స్పష్టంగా కనిపిస్తోంది. పంతొమ్మిదింటి మీద మధ్యలో అడ్డంగా నా తెల్లగీత ఉంది. నలభై మూడు మీద లేదు. దాని మీద పైన కుడిమూల ఏటవాలు ఖాళీ ఉంది. నేను వేలిముద్రల నిపుణురాలిని కాను. కాని పక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలు కూడా చెబుతారు. టీచరుకు ఏమీ చెప్పకుండా చేరిక కాగితం, నలభై మూడో ఫారం రెండూ చూపించాను. ఒకటే వేలు గద మేడం అంది.

ఆ రోజు దాకా ఆ ఫారం నా గదిలోంచి బయటికి పోలేదు. అల్మారాలో పెట్టి నేనే తాళం వేశాను. ఆ ఆదివారం నేను గేటు దాటలేదని హాస్టల్ రిజిస్టరు ఉంది, స్వప్న ఉంది. ఉట్నూరుకు పోయి రావాలంటేనే ఒక రోజు పడుతుంది. నేను ఇవన్నీ ఎవరినో ఒప్పించడానికి చెప్పడం లేదు. నన్ను నేను ఒప్పించుకోలేక చెబుతున్నాను.

మూడో రోజు బిడ్డ ఏడ్చింది. అంత కమ్మటి ఏడుపు నేను నా పిల్లల పురిట్లో కూడా వినలేదు. గోడ వైపు తిరిగి నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

తిరిగొచ్చి గైడ్ మేడంతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఫారాలన్నీ అబద్ధం, థీసిస్ ఆపండి, మళ్ళీ చేస్తానన్నాను. అబద్ధమన్న మాటకు ఆమె కనురెప్ప కూడా వేయలేదు. గంత పరేషాన్ ఎందుకమ్మా, నువ్వు రాసింది నిజమే అయింది గద, ఇంక డాటాకు వచ్చిన లోపం ఏమిటని అడిగింది. ఆ తెలివికి దండం పెట్టాను. మళ్ళీ చేయడానికి ఆమె సంతకం పెట్టలేదు, నేను వదల్లేదు. ఆ ఏడు పరీక్షకు కూర్చోలేదు. అరవై ఇళ్ళూ తిరిగాను. నిజంగా తిరిగితే ఎరుపులో ఉన్నవాళ్ళు ఒక్కరు కాదు, తొమ్మిది మంది కనిపించారు. అలాంటి పిల్లలను గచ్చు మీద కూర్చుని నేను పచ్చగా రాసేశాను.

ఈ సంగతి విన్నవాళ్ళలో వివరణలకు తక్కువేం లేదు. భైంసా నుంచి వచ్చే ఒక బంధువు ఇంటి గుమ్మానికి నిమ్మకాయలు కట్టమన్నాడు. ఆయనకు ముందు బీపీ మాత్ర వేసుకోమని చెప్పాను. మానసిక వైద్యం చదివిన ఒక డాక్టరు, ఎప్పుడో ఎక్కడో ఆ బిడ్డను చూసి మరిచిపోయి ఉంటావు అన్నాడు. వేలిముద్ర సంగతి అడిగితే వాచీ చూసుకున్నాడు. స్వప్న అయితే ఆత్మ పోయి వచ్చిందంటుంది. నా ఆత్మకు అంత బుద్ధే ఉంటే నాతో ఆ ఫారాలు రాయించేది కాదు. ఎవరి మాటా నాకు పనికి రాలేదు.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఫారాలు తెస్తే ముందు వేలిముద్రలు చూస్తాను, భూతద్దం పెట్టి మరీ. ముసల్ది చాదస్తం అని వెనక నవ్వుకుంటారు, నాకు తెలుసు. చాయి మరకలు ఉన్న ఫారం అయితే చదవకుండానే వెనక్కి ఇస్తాను. దేవుబాయి బతికింది, అంగన్‌వాడీకి పోతోంది, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతుంది. వయసుకు తగ్గ ఎత్తు లేదు. ఇక రాదు కూడా. ఆ వయసులో పోయిన మూడు నెలలను ఏ పాలూ తిరిగి తేలేవు. పోషకాహారం పేపరులో నాకు మంచి మార్కులే వచ్చాయి, అందుకే ఈ ముక్క ఖాయంగా చెప్పగలను.

ఒక మాట దాచాను. ఆసుపత్రి నుంచి బిడ్డను పంపించిన రోజుది.

జీపు దాకా పోయాను. లేతుబాయి నాకు మొక్కలేదు, మంచిదానివనలేదు. బిడ్డను చంకలో సర్దుకుంది. ఊరికే పంపించలేక, మళ్ళీ వస్తాను, బిడ్డను చూస్తాను అని మొదలుపెట్టాను. ఎప్పుడు అన్నది నా నోట్లో ఉండగానే ఆమె అడ్డం పడింది.

"చెప్పకు సిస్టరు. గా దినం నువ్వు చెప్పకుంటె మేమే పోదుము."

జీపు వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఆ గూడేనికి ఎవరు పోయారో నాకు తెలియదు. నా నైటీ వేసుకుని, నా సిరా వేళ్ళతో, నేను పోవలసిన ఇంటికి ఎవరో పోయారు. బిడ్డను సరిగ్గా కొలిచారు, సరైన సలహా ఇచ్చారు. గురువారం వస్తానన్న అబద్ధం ఒక్కటే నాది.